దొరసాని ఆకులో పాలు

చెట్టు మొదట్లో కొడవలి పెట్టి ఒక్క లాగు లాగేసరికి తెగిన కాడలోంచి పాలు కారాయి. ఒక చుక్కా రెండు చుక్కలూ కాదు. ఈనిన గేదె పొదుగు పిండినట్టు తెల్లగా, చిక్కగా కారి ఏలీయా బొటనవేలి మీద పడ్డాయి. ఏలీయా ఆ వేలి వంక చూశాడు. కొడవలి వంక చూశాడు. తర్వాత మెల్లగా తల తిప్పి, వేపచెట్టు కింద నాపరాయి బండ మీద వెల్లకిలా పడుకుని నిద్రపోతున్న చెన్నకేశవుల వంక చూశాడు.

పాలు కారే చెట్టును నోట్లో పెట్టుకోకూడదని ఆళ్లగడ్డలో పాకే పిల్లలకు కూడా తెలుసు. జిల్లేడు పాలు పడితే కన్ను పోతుంది. జెముడు పాలు పడితే తోలు బొబ్బలెక్కుతుంది. గన్నేరు సంగతి ఎవరికీ చెప్పనక్కర్లేదు. అటువంటిది, ఈ చెట్టు ఆకును చెన్నకేశవులు అరగంట కిందట విస్తరి నిండా తిన్నాడు. పచ్చిది తిన్నాడు. ఏలీయా మాట నమ్మి తిన్నాడు.

ఏలీయా చేతిలోని కొడవలి గట్టు మీద పెట్టేశాడు.

ఇది పంతొమ్మిది వందల యాభై ఏడో సంవత్సరం ఫిబ్రవరి నెలాఖరు మాట. అంతకు ముందు పదకొండేళ్లు ఏలీయా నంద్యాలలో మిషను బంగళా తోటమాలిగా ఉన్నాడు. ఆ బంగళా దొరసానికి లెట్యూసు అనే ఆకు లేకపోతే చలికాలం గడిచేది కాదు. చూడటానికి గడ్డ కట్టని క్యాబేజీలాగా ఉంటుంది. దాన్ని ఉడికించరు, తాలింపు పెట్టరు, మేకలు తిన్నట్టు పచ్చిదే తింటారు. దొరసాని తన దేశానికి వెళ్లిపోతూ ఏలీయాకు ఒక చొక్కా, ఒక గొడుగు, సగం మిగిలిన విత్తనాల పొట్లం ఇచ్చింది. చొక్కా చంకల్లో పిగిలింది. గొడుగు మొదటి గాలికే తిరగబడింది. విత్తనాలు మాత్రం మొలిచాయి.

అవి మొలిచిన వైనం ఏలీయా నోట వినాలి. విత్తనం ఎంత సన్నదంటే, పొట్లం విప్పి ఒక్క తుమ్ము తుమ్మితే చాలు, ఎకరం పొలం విత్తినట్టేనట. చీమలు వాటిని బియ్యం బస్తాలు మోసినట్టు మోసుకుపోతుంటే, ఏలీయా చీమలతో ఒప్పందం చేసుకున్నాడట. రోజూ పొద్దున్నే వేపచెట్టు మొదట్లో గుప్పెడు నూకలు పోసేవాడు. చీమలు నూకలు తిని మడి జోలికి రాకుండా మాట నిలబెట్టుకున్నాయట. నూకల సంగతి నిజమే. లూదియా చాటలోంచి నూకలు మాయమవుతున్నాయని పేటంతా ఎరుగుదురు.

లూదియా ఏలీయా భార్య. ఆమె కోళ్లు మడిలోకి రాకుండా కంపచెట్ల కంచె కట్టాడు. ఎండ తగలకుండా జొన్నసొప్పతో పందిరి వేశాడు. బావి నీళ్లు ఉప్పనివని కాలువ నుంచి కావిడితో నీళ్లు మోశాడు. మొలకలు రెండాకులు వేశాక పెరికి, జానెడు జానెడు ఎడంలో నాటాడు. పెంచడంలో ఏలీయాకు వంక పెట్టడానికి లేదు. పదకొండేళ్లు చేసిన పని.

కోయడమే ఎన్నడూ చేయలేదు.

ఆ పని దొరసాని తానే చేసుకునేది. తెల్లవారుజామున కత్తెర పట్టుకుని మడిలోకి దిగేది. ఏలీయాను నీళ్లు తోడమని బావి దగ్గరికి పంపేది. అతను తిరిగి వచ్చేసరికి ఆకు బుట్టలో ఉండేది, ఆమె వంటింట్లో ఉండేది. ఎండలు ముదరకముందే మడి తవ్వేయమనేది. చెట్టు ముదిరితే ఎలా ఉంటుందో ఏలీయా చూడనేలేదు. ఇక ఆకు రుచి అంటారా, పదకొండేళ్లలో ఒక్క తునక కూడా అతని నాలుక మీద పడలేదు.

ఈ సంగతి ఆళ్లగడ్డలో ఎవరికీ తెలియదు. లూదియాకు కూడా తెలియదు. "దొరసాని తన చేత్తో తుంచి నా నోట్లో పెట్టేది. కడుపులో పడితే చల్లగా, ఎండాకాలంలో వాన కురిసినట్టుంటది" అని ఏలీయా ఇంటింటా చెప్పి ఉన్నాడు. ఆ ఆకు తినేవాళ్లకు నూరేళ్ల దాకా పళ్లూడవని, దొరసాని తల్లి తొంభై ఏళ్ల వయసులో గుర్రమెక్కిందని కూడా చెప్పాడు. ఆ తల్లిని ఏలీయా చూడలేదు. గుర్రాన్నీ చూడలేదు.

జనవరిలో ఆకులు మెత్తగా, లేతగా, నేలను కరుచుకుని ఉండగా లూదియా, "కోద్దామా?" అని అడిగింది.

"ఇంకా లేయలేదు. మోకాలెత్తు రానీ" అన్నాడు ఏలీయా. తోటకూర అయినా గోంగూర అయినా లేచి నిలబడ్డాకే కదా మనం కోసేది. అలాగే అనుకున్నాడు. ఫిబ్రవరిలో ఎండ తగిలి చెట్లన్నీ ఒక్కసారిగా నిక్కి, నడుమెత్తు కాడలు వేసేసరికి అతని ఆనందానికి పట్టపగ్గాలు లేకపోయాయి. నేరుగా చెన్నకేశవుల దగ్గరికి వెళ్లి, "అన్నా, ఆదివారం రా. ఆకు నీతోనే మొదలుపెడతా" అని పిలిచాడు.

చెన్నకేశవులు ఇరవై ఎకరాల మాగాణి ఉన్న రైతు. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే గట్టు మీద ఒకరు గొర్లను, ఒకరు ఎద్దులను కాసినవాళ్లు. యాభై ఏళ్ల స్నేహం. ఆ యాభై ఏళ్లలో చెన్నకేశవులు క్రైస్తవుల పేటలో ఏలీయా ఇంటికి కొన్ని వందల సార్లు వచ్చి ఉంటాడు. వచ్చినప్పుడల్లా పెరట్లో నాపరాయి బండ మీదే కూర్చునేవాడు. రాతికి అంటు లేదు. ఏలీయా ఇంట్లో ఉడికింది ఏదీ ముట్టలేదు, కడవలో నీళ్లు తాగలేదు. అది ఇద్దరికీ పుట్టుకతో వచ్చిన సంగతి కాబట్టి ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. కానీ చెట్టున కాసిన పండుకు అంటు లేదు, పచ్చి ఆకుకూ లేదు. నిప్పు మీద పెట్టకుండా తినే కూర ఒకటి ఈ లోకంలో ఉందని తెలిసిన రోజు నుంచి ఏలీయా మనసులో ఒకటే కోరిక. తన ఇంట్లో, తన చేతి పంట, ఒక్కసారి చెన్నకేశవులు కడుపు నిండా తినాలి.

అందుకే ఆ ఆదివారం కడుపునొప్పి అని అబద్ధం చెప్పి గుడి ఎగ్గొట్టాడు. లూదియా ఒక్కతే ఆరాధనకు వెళ్లింది. ఏలీయా రెండు చెట్లు వేళ్లతో సహా పెరికి, నీళ్ల బకెట్టులో ముంచి, నీళ్లలోనే ఆకు తుంచాడు. నీళ్లు కాస్త తెల్లబడ్డాయి. దుమ్మనుకున్నాడు. మోదుగాకు విస్తరిలో ఆకు పోసి, ఉప్పు చల్లి, నిమ్మకాయ పిండాడు.

చెన్నకేశవులు ఒక ఆకు నోట్లో పెట్టుకుని ఆగాడు. దవడ ఆగింది. ఏలీయా ముఖంలోకి చూశాడు.

"ఎట్లుంది అన్నా?"

"బాగుందిరా."

"చల్లగా లేదా?"

"చల్లగానే ఉంది. గమ్మునుండు, తిననీ" అని చెన్నకేశవులు తలొంచుకుని, ఒక్క ఆకు మిగల్చకుండా విస్తరి ఖాళీ చేశాడు. చివరి పిడికెడు మింగేటప్పుడు అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. సంతోషమనుకున్నాడు ఏలీయా. తర్వాత చెన్నకేశవులు, "కొంచెం నడుం వాలుస్తా" అని బండ మీద ఒరిగాడు. ఒరిగినవాడు ఒరిగినట్టే నిద్రపోయాడు. సరే, అతని భార్య యశోదమ్మకు కూడా నాలుగు కట్టలు పంపుదామని ఏలీయా కొడవలి తీసుకుని మడిలోకి దిగాడు.

ఇక ఇప్పుడు, వేలి మీద పాలు ఎండి గోధుమ రంగు మరక అయింది.

"అన్నా" అని పిలిచాడు. పలుకు లేదు. దగ్గరికి వెళ్లి భుజం కుదిపాడు. చెయ్యి గోనెసంచిలా బండ అంచు మీది నుంచి జారి వేలాడింది. ఏలీయా తన చెవి అతని ముక్కు దగ్గర పెట్టాడు. ఊపిరి ఆడుతోంది, కానీ ఏదో లోతైన బావి అడుగు నుంచి వస్తున్నట్టు వస్తోంది.

అప్పుడు జ్ఞాపకం వచ్చింది ఏలీయాకు. దొరసాని ఆ ఆకును ఉత్త నీళ్లతో కడిగేది కాదు. పింగాణీ గిన్నెలో ఏదో మందు పలుకులు వేస్తే నీళ్లు నేరేడుపండు రంగుకు తిరిగేవి. ఆకును ఆ ఊదా నీళ్లలో నానబెట్టి, గడియారం చూసుకుని మరీ తీసేది. ఎందుకని తానెన్నడూ అడగలేదు. ఇప్పుడు అడక్కుండానే తెలిసిపోయింది. అది విషం విరిగే మందు. అందుకే కోత పని ఇతరుల చేతికి ఇవ్వలేదు. అందుకే తనకు తునక కూడా పెట్టలేదు. ఆమె మంచిది. తానే పాపాత్ముడు.

ఆలోచన అక్కడితో ఆగినా బాగుండేది. చెన్నకేశవులు లేవకపోతే ఊరు ఏమంటుంది? యాభై ఏళ్లలో ఒక్క మెతుకు తినని ఇంట్లో మొదటిసారి తిని చచ్చాడంటుంది. పేటలో ముప్పై ఇళ్లున్నాయి, అన్నీ గడ్డి కొట్టాలే. ఒక అగ్గిపుల్ల చాలు. ఆ తలపు రాగానే ఏలీయా తన కొట్టం కప్పు వంక చూశాడు. దానికంటే చిన్నదీ, దానికంటే చెడ్డదీ ఇంకో తలపు వచ్చింది. ఇక ఆ బండ మీద ఎవరు కూర్చుంటారు?

తడక చప్పుడైంది. లూదియా గుడి నుంచి వచ్చింది.

"కడుపునొప్పి ఎట్లుంది?" అని, బండ వైపు చూసి, "ఏందీ, ఆయప్ప ఈడ పడుకున్నాడు?"

"నువ్వు ఆయప్ప పక్కన కూచో. ఊపిరి చూస్తా ఉండు. నేను జీవరత్నం ఇంటిదాకా పోయొస్తా."

"ఊపిరి చూసేదేంది?"

ఏలీయా అప్పటికే వీధిలో ఉన్నాడు. ఆ రోజు అతను పరిగెత్తిన పరుగుకు దారిలో రెండు కుక్కలు ముందు మొరిగి, తర్వాత జాలిపడి ఊరుకున్నాయని తర్వాత తానే చెప్పుకునేవాడు.

జీవరత్నం ఆసుపత్రిలో కాంపౌండరు. అరుగు మీద ఆదివారం చొక్కా విప్పి విసనకర్రతో విసురుకుంటున్నాడు.

"ఏమప్పా ఏలీయా, గుడికి రాలేదు. ఇప్పుడు ఇట్ల ఉరుకుతాండావ్. సైతాను తరుముతాండాడా?"

"ఊదా రంగు మందు పలుకులు కావాల. నీళ్లలో వేసేవి."

"బావిలో పిల్లి పడిందా?"

"లేదు. ఆవు. ఆవు ఏదో తినింది. పాలు కారే ఆకు."

"ఎవరి ఆవు?"

"చెన్నకేశవులన్న... చెన్నకేశవులన్న ఆవు."

జీవరత్నం విసనకర్ర ఆపాడు. "ఆ మందు పురుగూ పుట్రా చచ్చేదానికప్పా. విషానికి పనికిరాదు. తాపితే గొంతు కాల్తది. ఆవు ఏం చేస్తాంది? నురగ కక్కుతాందా?"

"నిద్దరపోతాంది."

"పట్టపగలు నిద్దరా?"

"కుదిపినా లేయలే."

జీవరత్నం పెదవి విరిచాడు. "పాలాకు తిని పడుకున్న గొడ్డు లేచింది నా బతుకులో నేను చూడలే. పోయి చెన్నకేశవులకు చెప్పు. చర్మమన్నా దక్కుతది."

ఏలీయా తిరిగి వచ్చేటప్పుడు పరిగెత్తలేదు. ఊదా మందు విషానికి పనికిరాదని తెలిశాక చేతిలో పట్టుకోవడానికి ఇక ఏమీ లేదు.

పెరట్లో లూదియా బండ పక్కనే కూర్చుని ఉంది. విస్తరి, నిమ్మతొక్క, మరకలు పడిన కొడవలి అన్నీ చూసి ఆమె జరిగింది తనకు తానే గ్రహించింది.

"ఆకు తిన్నాడు గదా" అంది.

"ఊ."

"దాంట్లో పాలున్నాయి."

"ఊ."

"మరి నీకేం కాలేదే. దొరసాని నీ నోట్లో పెట్టేదంటివే పదకొండేండ్లు."

ఏలీయా నేల చూశాడు.

"పెట్టలేదు" అంది లూదియా.

ఏలీయా లేచి మడిలోకి వెళ్లాడు. నిలబడిన చెట్ల నుంచి ఆకు రెండు చేతులా దూసి నోట్లో కుక్కుకున్నాడు. పాలు పెదవులకు అంటుకున్నాయి. లూదియా పరిగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"వద్దయ్యా. నీకు పిచ్చి పట్టిందా?"

"నన్ను నమ్మి తిన్నాడు. వాడు పోతే నేనెట్లుంటా? ఈడ కూచుని ఏమని చెప్తా?"

నమిలాడు. నమిలి, అక్కడే కొయ్యబారిపోయాడు.

చేదు. వేపాకు దాని ముందు చెరుకుగడ. నాలుక మొద్దుబారి, చెవుల దాకా పాకి, కళ్లలోంచి నీళ్లయి కారింది ఆ చేదు. మింగుదామంటే గొంతు ఒప్పుకోలేదు. ఉమ్మేసి మళ్లీ కుక్కుకున్నాడు. ఆ రెండో పిడికెడు దగ్గర అతనికి అర్థమైంది. ఇదే ఆకును చెన్నకేశవులు విస్తరి నిండా తిన్నాడు. ముఖం ముడవకుండా తిన్నాడు. బాగుందిరా అన్నాడు. పైన గుక్కెడు నీళ్లు కూడా తాగలేదు. తాగడానికి ఈ ఇంట్లో అతనికి నీళ్లు లేవు.

ఏలీయా మడిలోనే చతికిలబడి, నోట్లో ఆకుతోనే ఏడ్చాడు.

"ఏలీయా" అని కంచె అవతలి నుంచి గొంతు వినిపించింది. "మా ఇంటాయన ఈడుండాడా?"

యశోదమ్మ. చెన్నకేశవుల భార్య. లూదియా తడక తీసింది. యశోదమ్మ లోపలికి వచ్చి, కొంగు ఎత్తిపట్టుకుని, బండ మీద పడి ఉన్న మొగుణ్ణి చూసింది.

"నిద్దరపోతాండాడా" అంది.

అవునంటే సరిపోతుంది. ఆమె వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఏం జరిగినా ఎండదెబ్బ అనుకోవచ్చు. లూదియా కళ్లతోనే నిజం చెప్పొద్దని సైగ చేసింది. ఏలీయా లేచి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెదవుల మీద పాలు ఎండి ఉన్నాయి.

"అమ్మా, నేను తినబెట్టినా. ఈ ఆకు. దీంట్లో పాలున్నాయి, నాకు తెలియదు. నేనెన్నడూ తినలే. తిన్నానని అబద్ధం చెప్పినా. అప్పటి నుంచి లేయలే."

యశోదమ్మ వంగి మొగుడి కనురెప్ప ఎత్తి చూసింది. నోటి దగ్గర వాసన చూసింది. రొమ్ము మీద అరచెయ్యి ఆనించింది.

"నాలుగు రాత్రులైంది ఈయప్ప కన్ను మూసి" అంది చివరికి.

"ఎందుకమ్మా?"

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "కాలువ కాడ. నీళ్ల వంతు మనది కాదు. ఊరు పడుకున్నాక పోయి తూము ఎత్తుతాండాడు, కోడి కూసేలోపల దించుతాండాడు. ఎవురితోనన్నా చెప్పినావంటే చూడు." ఆమె మళ్లీ చెయ్యి ఆనించి చూసింది. నుదురు ముడిపడింది. "దానికే అయ్యుంటది. అయినా పాలాకు అంటాండావు. పోయి మజ్జిగ తెస్తా. నువ్వు కదలొద్దు ఈడ్నుంచి."

ఆమె నడిచే వెళ్లింది కానీ వీధి మలుపు దగ్గర పరుగెత్తడం ఏలీయాకు కనిపించింది. పెళ్లాం పరుగెత్తిందంటే ఆమెకూ నమ్మకం లేదన్నమాట. అతని భయం మళ్లీ మొదటికొచ్చింది. బండ పక్కన మోకాళ్ల మీద కూలబడ్డాడు. పొద్దున ఎగ్గొట్టిన ప్రార్థన ఇప్పుడు చేద్దామంటే ఒక్క మాట జ్ఞాపకం రాలేదు. "అన్నా, లెయ్యి. అన్నా, లెయ్యి" అని మాత్రం వచ్చింది.

దేవుడు విన్నాడో, చీమలు విన్నాయో. నాలుగు నెలలుగా వేపచెట్టు మొదట్లో నూకలు తిని బలిసిన చీమల్లో ఒకటి, కందిగింజంత ఎర్రటిది, బండ ఎక్కి చెన్నకేశవుల పంచెలోకి నడిచింది. ఏలీయా దాన్ని తోలుదామని చెయ్యి చాపేలోపలే అది కనిపించకుండా పోయింది.

చెన్నకేశవులు కేకేసి లేచి కూర్చున్నాడు. తొడ రుద్దుకున్నాడు. కళ్లు నులుముకుని ఏలీయాను చూశాడు.

"ఏందిరా, ఎవరు పోయినారు? ఆ ముఖమేంది?"

లూదియా గోడకు ఆనుకుని, పైట నోట్లో కుక్కుకుంది.

"నీ మూతికేందది? పాలు తాగినావా?"

"ఆకు తిన్నా అన్నా."

చెన్నకేశవులు అతన్ని ఎగాదిగా చూశాడు. "ఇప్పుడా తినేది?"

"ఇప్పుడే. మొదటిసారి." ఏలీయా మూతి తుడుచుకున్నాడు. "అంత చేదు ఎట్ల తిన్నావన్నా?"

చెన్నకేశవులు మడి వైపు చూశాడు. "యాభై ఏండ్లకు ఒక పూట పెట్టినావు. చేదని లేచిపోతానా?" అన్నాడు. నాలుక అంగిట్లో కొట్టి ముఖం ముడిచాడు. "దొరసాని దేశం విడిచి ఎందుకు పోయిందో ఇప్పుడు తెలిసింది. గొంతు ఎండి తోలైపోయింది. నీళ్లు ఇయ్యి."

"మీ ఇంటికి ఉరికి తెస్తా" అని ఏలీయా అలవాటుగా లేచాడు.

"కూచో. నువ్వు ఆడికి పోయొచ్చేలోపల నేను నిజంగానే పోతా." చెన్నకేశవులు వీధి వైపు మెడ చాపి చూశాడు. "యశోద వచ్చినట్టు గొంతు వినబడె. యాడుంది?"

"నీకు మజ్జిగ తెచ్చేకి పోయింది."

"పోయి ఎంతసేపైంది?"

"ఇప్పుడే అన్నా."

"మీ కడవలో నీళ్లు లేవా?"

వంటింటి గడపలో కడవ, దాని మీద బోర్లించిన చెంబు, అందరికీ కనిపిస్తూనే ఉన్నాయి.

"ఉండాయి" అంది లూదియా.

"అయితే తొందరగా ఇయ్యండి."

ఏలీయా తొందరలో చెంబు వంచేసరికి సగం నీళ్లు బండ మీదే ఒలికాయి. మిగిలిన సగం చెన్నకేశవులు దోసిలి పట్టి గటగటా తాగి, ఇంకో చెంబు అడిగి అదీ తాగి, మూతి తుడుచుకున్నాడు. వీధి మలుపులో యశోదమ్మ గాజుల చప్పుడైంది. అతను చటుక్కున బండ మీద వెల్లకిలా పడుకుని కళ్లు మూసుకున్నాడు.

ఆమె మజ్జిగ కుండతో తడక నెట్టుకుని వచ్చేసరికి, ఏలీయా పైగుడ్డ తీసి, బండ మీద తడిని హడావిడిగా తుడుస్తున్నాడు.